ప్రాచీన గ్రీకు గణిత పదజాలం: ఆకృతుల పేర్లు, సంఖ్యల పేర్లు – అర్థ పరిశీలన

వ్యాససంగ్రహం:

ప్రాచీన గ్రీకు గణితంలో ఆకృతులకూ సంఖ్యలకూ వాడిన పేర్లు చాలావరకు నిత్యజీవితం నుంచి వచ్చిన మామూలు మాటలు. ములుకోల, పక్కటెముక, బల్ల, పాచిక వంటి పదాలు క్రమంగా శాస్త్ర పరిభాషగా స్థిరపడ్డాయి. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. గ్రీకులు ఆకృతికీ సంఖ్యకూ అనేక సందర్భాల్లో ఒకే పేరు వాడారు. ఈ పదాల మూలార్థాలను, యూక్లిడ్, ప్లేటో, నికోమకస్ గ్రంథాల్లో వాటి ప్రయోగాలను పరిశీలించి, వాటిని నేటి తెలుగు పాఠ్యపుస్తక పరిభాషతో అనువదించినప్పుడు ఎక్కడ అర్థభేదం కలుగుతుందో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గ్రీకు గణితం, పరిభాష, యూక్లిడ్, ఆకృతి సంఖ్యలు, కరణి, సహమేయత, అనువాదం.

1. ప్రవేశిక:

ఏ శాస్త్రానికైనా పరిభాష ఒక్కసారిగా పుట్టదు. వాడుకలో ఉన్న మాటనే శాస్త్రకారుడు తీసుకొని, దాని అర్థాన్ని కుదించి, నిర్వచనంతో కట్టడి చేస్తాడు. కాలక్రమంలో మూలార్థం మరుగున పడి, శాస్త్రార్థమే మిగులుతుంది. గ్రీకు గణిత పదజాలం ఈ పరిణామాన్ని స్పష్టంగా చూపుతుంది. సామాన్యశకానికి పూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ కూర్చిన 'ఎలిమెంట్స్' 13 భాగాల గ్రంథం. అందులో జ్యామితి, సంఖ్యాశాస్త్రం రెండూ ఉన్నాయి. ఆ గ్రంథంలోని పదాల్లో అనేకం లాటిన్, అరబిక్ భాషల మీదుగా ఆధునిక గణితంలోకి చేరాయి. కొన్ని జ్యోతిషం ద్వారా సంస్కృతంలోకి, అక్కడి నుంచి తెలుగులోకి కూడా వచ్చాయి.

గ్రీకు పదాలను తెలుగు లిపిలో రాయడంలో ఒక సౌలభ్యం ఉంది. తెలుగులో ఎ–ఏ, ఒ–ఓ అని హ్రస్వ దీర్ఘ భేదం ఉన్నట్లే ప్రాచీన గ్రీకులోనూ ఈ అచ్చులకు వేర్వేరు అక్షరాలున్నాయి. అందువల్ల ఈ వ్యాసంలో పదాల ప్రాచీన ఉచ్చారణను వీలైనంత దగ్గరగా తెలుగులో చూపడమైంది.

2. బిందువు, రేఖ, తలం:

బిందువుకు గ్రీకులో రెండు పేర్లు కనిపిస్తాయి. మొదటిది 'స్తిగ్మే'. మొనదేలిన వస్తువుతో పొడవడం, పచ్చబొట్టు పొడవడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిన మాట ఇది. పొడిచిన చోట మిగిలే చుక్క అని దీని భావం. అరిస్టాటిల్ ఈ మాటను తరచుగా వాడాడు. రెండవది 'సేమెయొన్'. దీనికి గుర్తు, ఆనవాలు అని అర్థం. యూక్లిడ్ తన గ్రంథంలో ఈ రెండవ పదాన్నే స్వీకరించాడు. పొడిచిన చుక్కకు ఎంతో కొంత పరిమాణం ఉంటుంది. గుర్తుకు స్థానం ఉంటే చాలు. భాగాలు లేనిదే బిందువు అన్న నిర్వచనానికి గుర్తు అనే పేరే తగినది.

రేఖకు 'గ్రమ్మే' అని పేరు. ఇది గీయడం, రాయడం అనే అర్థాలున్న ధాతువుకు సంబంధించిన పదం. ఉపరితలానికి యూక్లిడ్ వాడిన పేరు 'ఎపిఫానెయా'. పైకి కనిపించేది అని దీని అర్థం. పైథాగరస్ అనుయాయులు ఇదే భావానికి 'ఖ్రొయా' అనే పదాన్ని వాడారని అరిస్టాటిల్ పేర్కొన్నాడు. దానికి రంగు, మేనిఛాయ అని అర్థం. వస్తువులో కంటికి కనిపించేది దాని పైపొర మాత్రమే, రంగు ఉండేదీ అక్కడే అన్న అనుభవం ఈ రెండు పేర్ల వెనుకా ఉంది.

3. కోణాలు, భుజాలు:

కోణానికి గ్రీకు పదం 'గోనియా'. ఇది వాడుక భాషలో మూల అనే అర్థమిచ్చే మాట. కోణాల్లో నిటారుగా నిలిచినది 'ఒర్థే', వాడియైనది 'ఒక్సెయా', మొద్దుబారినది 'అంబ్లెయా'. కత్తికి వాడే విశేషణాలే లఘుకోణ, గురుకోణాలకు పేర్లయ్యాయి. తెలుగు పరిభాషలో లఘు, గురు శబ్దాలు పరిమాణాన్ని సూచిస్తాయి. గ్రీకు శబ్దాలు స్పర్శానుభవాన్ని సూచిస్తాయి.

బహుభుజుల పక్కలకు గ్రీకులు వాడిన పదం 'ప్లెఉరా'. దీనికి పక్కటెముక, పార్శ్వం అనే అర్థాలున్నాయి. సంస్కృతం అదే భావానికి చేతిని ఎంచుకొని భుజం, బాహువు అన్నది. రెండు సంప్రదాయాలూ మానవదేహం నుంచే పేరు తీసుకున్నా అవయవాలు వేరయ్యాయి. రెండు భుజాలు సమానమైన త్రిభుజం గ్రీకులో 'ఇసొస్కెలెస్', అంటే సమానమైన కాళ్లు గలది. తెలుగులో అదే సమద్విబాహు త్రిభుజం. గ్రీకుల దృష్టిలో ఆ ఆకృతి కాళ్లు చాపి నిలబడింది. మూడు భుజాలూ అసమానమైన దానిని 'స్కలేనొన్', అంటే ఎగుడుదిగుడుగా ఉన్నది అన్నారు.

4. చతుర్భుజాలు, ఘనాకృతులు:

'ఎలిమెంట్స్' మొదటి భాగం 22వ నిర్వచనంలో యూక్లిడ్ చతుర్భుజాలను ఐదు రకాలుగా విభజించాడు.

'తెత్రగోనొన్': నాలుగు మూలలది అని పదార్థం. అయితే యూక్లిడ్ నిర్వచనంలో సమభుజాలు, లంబకోణాలు ఉన్న చతురస్రానికి మాత్రమే ఈ పేరు వర్తిస్తుంది.

'హెతెరొమేకెస్': ఒక పొడవు ఇంకొక పొడవుకు భిన్నంగా ఉన్నది. అంటే దీర్ఘచతురస్రం.

'రొంబొస్': గిరగిర తిప్పేది అని మూలార్థం. తాడుకు కట్టి తిప్పితే రొద చేసే ఒక సాధనానికి ఈ పేరు ఉండేది. జ్యామితిలో ఇది సమచతుర్భుజానికి పేరయింది.

'రొంబొయెయిదెస్': రొంబొస్ వంటిది. ఎదురెదురు భుజాలు, ఎదురెదురు కోణాలు సమానమైనా, అన్ని భుజాలూ సమానం కానిది, లంబకోణాలు లేనిది.

'త్రపెజియొన్': చిన్న బల్ల. బల్లకు గ్రీకులో 'త్రపెజా' అని పేరు. నాలుగు కాళ్లది అని ఆ మాటకు అర్థం. పై నాలుగు రకాల్లో చేరని చతుర్భుజాలన్నింటినీ యూక్లిడ్ ఈ ఒక్క పేరు కిందనే చేర్చాడు. నేటి పాఠ్యపుస్తకాల్లో సమలంబ చతుర్భుజం అంటే ఒక జత సమాంతర భుజాలున్నది. కాబట్టి యూక్లిడ్ త్రపెజియొన్‌ను సమలంబ చతుర్భుజం అని అనువదిస్తే నిర్వచనం పరిధి కుదించుకుపోతుంది.

ఈ విభజనలో ఒక రకం మరొక రకానికి ఉపభేదం కాదు. ఆధునిక గణితంలో చతురస్రం కూడా ఒక దీర్ఘచతురస్రమే. యూక్లిడ్ పదజాలంలో మాత్రం పొడవులు భిన్నంగా ఉన్నదే హెతెరొమేకెస్ కనుక చతురస్రం ఆ వర్గంలోకి రాదు. పేరులోని అర్థమే ఇక్కడ సరిహద్దు గీసింది.

ఘనాకృతుల పేర్లు ఇంకా లౌకికమైనవి. 'స్ఫైరా' అంటే బంతి. 'కోనొస్' అంటే దేవదారు జాతి చెట్టు కాయ. 'కులింద్రొస్' దొర్లించే దిమ్మ. 'కుబొస్' పాచిక. 'ప్రిస్మా' రంపంతో కోసినది. సమఘనాకృతుల పేర్ల చివర కనిపించే 'హెద్రా' అనే మాటకు పీఠం, ఆసనం అని అర్థం. ఆ ఆకృతిని ఏ ముఖం మీద కూర్చోబెట్టినా అది స్థిరంగా నిలుస్తుంది. అందుకే ముఖం ఆసనమయింది.

5. శంకుచ్ఛేదాలు – క్రియను సూచించే పేర్లు:

పై పేర్లన్నీ రూపసాదృశ్యం మీద ఏర్పడినవి. శంకుచ్ఛేదాల పేర్లు ఇందుకు భిన్నం. ఆర్కిమిడీస్ కాలం వరకు వాటిని 'లంబకోణ శంకువు ఛేదం' మొదలైన వర్ణనాత్మకమైన పేర్లతో వ్యవహరించేవారు. సామాన్యశకానికి పూర్వం 200 ప్రాంతంలో పెర్గా నగరానికి చెందిన అపోలోనియస్ 'పరబొలే', 'ఎల్లెయిప్సిస్', 'హుపెర్బొలే' అనే పేర్లను వాటికి స్థిరపరిచాడు. వీటికి వరుసగా సరిగా అమర్చడం, తక్కువపడడం, మించిపోవడం అని అర్థాలు.

ఇవి వక్రం ఆకారాన్ని చెప్పే మాటలు కావు. ఒక నియత రేఖ వెంబడి ఒక వైశాల్యాన్ని దీర్ఘచతురస్రంగా అమర్చే పద్ధతి గ్రీకు జ్యామితిలో అంతకుముందే ఉంది. వక్రం మీది బిందువు నుంచి అక్షానికి గీసిన రేఖపై చతురస్రాన్ని నిర్మించి, దాని వైశాల్యాన్ని ఆ నియత రేఖ వెంబడి అమర్చినప్పుడు అది సరిగ్గా సరిపోతే పరబొలే, కొంత తక్కువపడితే ఎల్లెయిప్సిస్, మించితే హుపెర్బొలే. తెలుగులోని దీర్ఘవృత్తం అనే పేరు కంటికి కనిపించే రూపాన్ని చెబుతుంది. గ్రీకు పేరు చేసిన పనిని చెబుతుంది. విద్యార్థికి ఈ మూడు వక్రాల సమీకరణాల మధ్య సంబంధం బోధపరచడానికి గ్రీకు పేర్ల అర్థం నేటికీ ఉపయోగపడుతుంది.

6. సంఖ్యల పేర్లు:

గ్రీకులో సంఖ్యకు 'అరిథ్మొస్' అని పేరు. యూక్లిడ్ ఏడవ భాగంలో ముందు ఏకాన్ని, అంటే 'మొనస్'ను నిర్వచించి, ఏకాల సమూహమే సంఖ్య అన్నాడు. ఈ నిర్వచనం ప్రకారం ఒకటి సంఖ్య కాదు, సంఖ్యకు మూలం. భిన్నాలు కూడా సంఖ్యలు కావు. గ్రీకు గణితంలో అరిథ్మొస్ అంటే రెండు మొదలుకొని లెక్కించదగిన పూర్ణరాశి మాత్రమే. తర్వాత రాబోయే చర్చకు ఈ అంశం ఆధారం.

సరి సంఖ్య 'అర్తియొస్', అంటే చక్కగా అమరినది. బేసి సంఖ్య 'పెరిస్సొస్', అంటే మిగులు గలది. రెండు సమభాగాలు చేసినప్పుడు అమరేది ఒకటి, ఒకటి మిగిలేది మరొకటి. తెలుగులో 'సరి' అనే మాట సమానమైనది, సరిపోయినది అనే అర్థాలతో అర్తియొస్‌కు ఎంతో దగ్గరగా ఉంది.

ప్రధాన సంఖ్యకు గ్రీకు పేరు 'ప్రోతొస్', అంటే మొదటిది. ఏకం తప్ప మరే సంఖ్యా కొలవలేనిది అని యూక్లిడ్ నిర్వచనం. కూర్చబడినది అనే అర్థం గల 'సున్థెతొస్' సంయుక్త సంఖ్యకు పేరు. ఈ వర్గీకరణలో గ్రీకుల మధ్యనే భేదాలున్నాయి. రెండు ఒక్కటే సరి సంఖ్యల్లో ప్రోతొస్ అని అరిస్టాటిల్ అన్నాడు. సామాన్యశకం 100 ప్రాంతానికి చెందిన నికోమకస్ ప్రోతొస్‌ను బేసి సంఖ్యల్లోని భేదంగా చెప్పడం వల్ల అతని లెక్కలో రెండుకు ఆ పేరు చెల్లదు.

తన భాజకాల మొత్తానికి సమానమైన సంఖ్య 'తెలెయొస్', అంటే పరిపూర్ణం. ఇక్కడ భాజకాల్లో ఆ సంఖ్యను లెక్కించరాదు. 6 = 1+2+3 కనుక ఆరు పరిపూర్ణ సంఖ్య. నికోమకస్ 6, 28, 496, 8128 అనే నాలుగింటిని పేర్కొన్నాడు. ఒకటి నుంచి రెట్టింపు చేస్తూ కూడిన మొత్తం ప్రధాన సంఖ్య అయితే, దానిని చివరి పదంతో గుణించగా పరిపూర్ణ సంఖ్య వస్తుందని యూక్లిడ్ తొమ్మిదవ భాగం చివరి ప్రతిపాదనలో నిరూపించాడు. 1+2+4 = 7, 7×4 = 28 అన్నది దీనికి ఉదాహరణ.

7. ఆకృతికీ సంఖ్యకూ ఒకే పేరు:

రెండు సంఖ్యల లబ్ధాన్ని యూక్లిడ్ 'ఎపిపెదొస్', అంటే సమతల సంఖ్య అన్నాడు. గుణించిన ఆ రెండు సంఖ్యలు దానికి ప్లెఉరాలు, అంటే భుజాలు. మూడు సంఖ్యల లబ్ధం 'స్తెరెఒస్', అంటే ఘన సంఖ్య. సమాన సంఖ్యల లబ్ధాలు తెత్రగోనొస్, కుబొస్. తెలుగు పాఠ్యపుస్తకం కారణాంకం అనే చోట గ్రీకు గ్రంథం భుజం అంటుంది.

ఈ పోలికకు పైథాగరస్ సంప్రదాయంలో ప్రత్యక్ష ఆధారం ఉంది. గులకరాళ్లను పేర్చినట్లు ఏకాలను చుక్కలుగా పేర్చితే సంఖ్యలకు రూపాలు వస్తాయి. 1+2+3+4 = 10 త్రిభుజాకారం. 'గ్నోమోన్' అనే మాటకు నీడగడియారపు కడ్డీ అనీ వడ్రంగి మూలమట్టం అనీ అర్థాలున్నాయి. ఒక చుక్క చుట్టూ మూలమట్టం ఆకారంలో 3 చుక్కలు చేర్చితే 4, ఆపై 5 చేర్చితే 9, మరి 7 చేర్చితే 16. ఇలా బేసి సంఖ్యలను వరుసగా కూడితే ఎప్పుడూ చతురస్రమే వస్తుంది. రెండుతో మొదలుపెట్టి సరి సంఖ్యలను కూడితే 6, 12, 20 అని 2×3, 3×4, 4×5 రూపంలో వస్తాయి. వీటికి హెతెరొమేకెస్ అని పేరు. జ్యామితిలో ఏ దీర్ఘచతురస్రానికైనా వర్తించిన ఈ పదం సంఖ్యల విషయంలో భుజాల మధ్య భేదం ఒకటి మాత్రమే ఉన్నవాటికి పరిమితమయింది.

అరిస్టాటిల్ 'మెటాఫిజిక్స్'లో పేర్కొన్న పైథాగరస్ అనుయాయుల పది ద్వంద్వాల జాబితాలో బేసి–సరి, చతురస్రం–దీర్ఘచతురస్రం కూడా ఉండడాన్ని ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి. ప్లేటో 'యూథిఫ్రో' సంవాదంలో సరి సంఖ్యను ఇసొస్కెలెస్ అనీ, బేసి సంఖ్యను స్కలేనొన్‌కు చెందిన విశేషణంతోనూ చెప్పడం మరొక నిదర్శనం. త్రిభుజాల పేర్లే అక్కడ సంఖ్యలకు లక్షణాలయ్యాయి.

భారతీయ గణితంలోనూ ఈ ఐక్యం లేకపోలేదు. ఆర్యభటుడు 499 నాటి తన గ్రంథంలో వర్గశబ్దాన్ని సమచతురస్ర ఆకృతికీ, దాని ఫలానికీ, సమాన రాశుల లబ్ధానికీ కలిపి నిర్వచించాడు. నేటి తెలుగు పరిభాషలో మాత్రం వర్గం సంఖ్యకూ, చతురస్రం ఆకృతికీ విడిపోయాయి. ఘనం ఒక్కటే రెండింటికీ మిగిలింది.

8. దునమిస్, రేతొస్, అలొగొస్ – అనువాద సమస్య:

పేర్ల ఐక్యం నిలవని చోటు ఒకటి గ్రీకులకు ఎదురయింది. చతురస్రం భుజాన్నీ కర్ణాన్నీ ఒకే కొలతతో పూర్ణంగా కొలవడం సాధ్యం కాదు. అటువంటి రేఖలను 'అసుమ్మెత్రొస్' అన్నారు. ఉమ్మడి కొలత లేనివి అని దీని అర్థం. దీనికి సహమేయం కానివి అనే అనువాదం సరిపోతుంది.

ప్లేటో 'థియేటెటస్' సంవాదంలో సైరీన్ వాసి థియోడొరస్ 3, 5 మొదలుకొని 17 వరకు చదరపు అడుగుల వైశాల్యం గల చతురస్రాల భుజాలను ఒక్కొక్కటిగా తీసుకొని, అవి ఒక అడుగు రేఖతో సహమేయం కావని చూపిన వృత్తాంతం ఉంది. యువకుడైన థియేటెటస్ ఈ విడివిడి ఉదాహరణలన్నింటినీ ఒకే పేరు కిందికి తేవాలనుకున్నాడు. సంఖ్యలను చతురస్రాలు, దీర్ఘాలు అని రెండుగా విభజించాడు. చతురస్ర సంఖ్యకు సమానమైన చతురస్రపు భుజాన్ని 'మేకొస్', అంటే పొడవు అన్నాడు. దీర్ఘ సంఖ్యకు సమానమైన చతురస్రపు భుజాన్ని 'దునమిస్', అంటే శక్తి అన్నాడు. అటువంటి రేఖ పొడవులో సహమేయం కాదు. అయినా సహమేయమైన వైశాల్యాన్ని నిర్మించగల శక్తి దానికి ఉంది. సరైన పేరు పెట్టడమే ఇక్కడ గణిత సాధారణీకరణ అయింది.

ఈ భావనకు తెలుగు పాఠకుడికి దగ్గరి పోలిక శుల్బసూత్రాల్లోని 'కరణి'. చేసేది అని దాని అర్థం. రెట్టింపు వైశాల్యం గల చతురస్రాన్ని చేసే భుజం ద్వికరణి. శక్తి గలది అన్న గ్రీకు పదమూ, చేసేది అన్న సంస్కృత పదమూ ఒకే పనిని సూచిస్తున్నాయి. తెలుగు పాఠ్యపుస్తకాల్లోని కరణీయ, అకరణీయ సంఖ్యల పేర్లలో ఈ కరణి శబ్దమే ఉంది.

అయితే ఈ పోలికను యూక్లిడ్ పదవ భాగానికి యథాతథంగా అన్వయిస్తే పొరపాటు జరుగుతుంది. అక్కడ 'రేతొస్' అంటే చెప్పదగినది. 'అలొగొస్' అంటే లొగొస్ లేనిది. లొగొస్‌కు మాట అనీ నిష్పత్తి అనీ రెండర్థాలు. ఈ రెండు పదాలను అకరణీయం, కరణీయం అని అనువదించడం సులభంగా కనిపిస్తుంది. కానీ యూక్లిడ్ నిర్వచనం వేరు. ఆధారంగా తీసుకున్న రేఖతో పొడవులో గాని, కేవలం చతురస్రాల వైశాల్యంలో గాని సహమేయమైన ప్రతి రేఖా రేతొస్సే. ఆధార రేఖ ఒకటి అయితే చతురస్రపు కర్ణం మీది చతురస్ర వైశాల్యం రెండు. అందువల్ల ఆ కర్ణం యూక్లిడ్ భాషలో రేతొస్. ఆధునిక భాషలో దాని పొడవైన √2 కరణీయ సంఖ్య. రేతొస్‌ను అకరణీయం అని అనువదిస్తే √2 అకరణీయం అని యూక్లిడ్ చెప్పినట్లవుతుంది. పైగా వైశాల్యాల విషయంలో యూక్లిడ్ ఈ సడలింపు ఇవ్వలేదు. భుజాలు 1, √2 గల దీర్ఘచతురస్ర వైశాల్యం అతని దృష్టిలో అలొగొస్.

ఇక్కడ మరొక సూక్ష్మభేదం ఉంది. గ్రీకులు కరణీయ సంఖ్యలను కనుగొన్నారనే వాక్యం పాఠ్యబోధనలో తరచుగా వినిపిస్తుంది. ఏకాల సమూహమే సంఖ్య అన్న నిర్వచనం ప్రకారం √2 వారికి సంఖ్యే కాదు. వారు కనుగొన్నది సహమేయం కాని రేఖలను. అందువల్ల యూక్లిడ్‌ను తెలుగులోకి తెచ్చేటప్పుడు సుమ్మెత్రొస్‌కు సహమేయం, రేతొస్‌కు వాచ్యం, అలొగొస్‌కు అవాచ్యం వంటి ప్రత్యేక పదాలను వాడి, కరణీయ, అకరణీయ పదాలను ఆధునిక సంఖ్యలకే ఉంచడం సమంజసం.

అలొగొస్‌లోని మాట లేనిది అన్న అర్థం తర్వాతి భాషల్లోనూ కొనసాగింది. అరబిక్ గణితకారులు దానికి చెవిటి అనే అర్థమున్న 'అసమ్మ్' అనే పదాన్ని వాడారు. లాటిన్ అనువాదకులు దానిని 'సర్డుస్' అన్నారు. కరణికి నేటి ఆంగ్ల పదమైన 'సర్డ్' అక్కడి నుంచే వచ్చింది.

9. తెలుగులో నిలిచిన గ్రీకు పదాలు:

గ్రీకు జ్యోతిషం సంస్కృతంలోకి అనువాదమైన కాలంలో కొన్ని జ్యామితి పదాలు కూడా వెంట వచ్చాయి. వాటిలో ముఖ్యమైనది 'కెంత్రొన్'. ఎద్దులను తోలే ములుకోల అని దీని మొదటి అర్థం. వృత్తలేఖినిలో గుచ్చి నిలిపే మొన కూడా కెంత్రొనే. ఆ మొన నిలిచిన చోటు వృత్తానికి నడిమి బిందువయింది. సంస్కృతంలో అది కేంద్రమై, జాతకచక్రంలోని 1, 4, 7, 10 స్థానాలకు పేరయి, తెలుగులో నేడు పరిశోధన కేంద్రం, కేంద్ర ప్రభుత్వం వరకు విస్తరించింది. వ్యాసానికి గ్రీకు పేరైన 'దియామెత్రొస్' నుంచి జాతకంలో లగ్నానికి ఎదురుగా ఉండే ఏడవ స్థానానికి జామిత్రం అనే పేరు వచ్చింది. సన్ననిది అనే అర్థం గల 'లెప్తొన్' అంశలో అరవయ్యో భాగానికి పేరు. సంస్కృతంలో అది లిప్త అయింది. తెలుగువారు నిత్యం వాడే లిప్తపాటు, లిప్తకాలం అన్న మాటల్లో ఉన్నది ఆ పదమే.

ధ్వనిసామ్యం ఉన్న ప్రతి పదమూ ఎరువు తెచ్చుకున్నది కాదు. వృత్తానికి గ్రీకు పేరైన 'కుక్లొస్', సంస్కృత చక్రశబ్దం రెండూ ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి విడివిడిగా పరిణమించిన జ్ఞాతిపదాలు. కేంద్రం ఆదానం, చక్రం జ్ఞాతి. పరిశోధకులు ఈ భేదాన్ని పాటించవలసి ఉంటుంది.

10. ముగింపు:

గ్రీకు గణిత పరిభాష వడ్రంగి మూలమట్టం, రైతు ములుకోల, భోజనపు బల్ల, జూదపు పాచిక వంటి వస్తువుల నుంచి ఎదిగింది. అందులో సంఖ్యకూ ఆకృతికీ మధ్య నేడున్నంత ఎడం లేదు. సహమేయం కాని రేఖలు బయటపడినప్పుడు ఆ ఎడాన్ని పూడ్చడానికి థియేటెటస్ కొత్త పేర్లను నిర్మించవలసి వచ్చింది. ప్రాచీన గ్రంథంలోని పదానికి ఆధునిక సమానార్థకాన్ని యాంత్రికంగా పెట్టినప్పుడు త్రపెజియొన్ పరిధి కుదించుకుపోతుంది, రేతొస్ అర్థం తలకిందులవుతుంది, అరిథ్మొస్‌లో లేని సంఖ్యలు వచ్చి చేరుతాయి. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెనిగించిన నాటి నుంచి తెలుగులో శాస్త్రానువాద సంప్రదాయం ఉంది. ఆ సంప్రదాయాన్ని కొనసాగించే అనువాదకులూ అధ్యాపకులూ మూలపదం నిర్వచనాన్ని ముందుగా పరిశీలించి, ఆ తర్వాతే తెలుగు పదాన్ని నిర్ణయించడం అవసరం.